చీకట్లో నడిచిన ఓడలు

నర్సీపట్నంలో సముద్రం లేదు. పేరు చివర పట్నం ఉంది కదా అని ఓడల కోసం చూస్తే కొండలే కనిపిస్తాయి. ఊళ్ళోకి రైలు కూడా లేదు. 'నర్సీపట్నం రోడ్డు' అన్న బోర్డు చూసి స్టేషన్లో దిగిపోయి, ఊరు ఇంకా ఇరవై కిలోమీటర్ల పైమాటే అని తెలిసి నోరెళ్ళబెట్టిన కొత్త అల్లుళ్ళ కథలు మా ఇళ్ళలో బోలెడు. ఒక పక్క చెరకు తోటలు, వరి చేలు. ఇంకో పక్క చింతపల్లి, లంబసింగి వైపు ఎక్కిపోయే కొండదారి. మా పెద్దవాళ్ళకు సంత తెలుసు, ఏజెన్సీ తెలుసు, బెల్లం వండే పొయ్యి తెలుసు. సముద్రం మాత్రం ఎవరైనా విశాఖపట్నం తీసుకెళితే చూడవలసిందే.

అలాంటి ఊళ్ళో పెరిగినా 'టార్పెడో' అన్న మాట నాకు ఎక్కాలు రాకముందే తెలుసు. అది మా ఓడతాత చలవ.

ఓడతాత మా మామ్మకు తమ్ముడు. మామ్మ పుట్టిల్లు భీమిలి పక్కన ఓ పల్లెటూరు. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ ఇంట్లో అందరికీ, వీధిలో సగం మందికీ ఆయన ఓడతాతే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇరవై ఏళ్ళ వయసులో ఇంట్లో చెప్పకుండా కలకత్తా వెళ్ళి, ఖిదిర్‌పూర్ రేవులో ఒక ఇంగ్లిషు కంపెనీ సరకు ఓడలో కలాసీగా కుదిరాడట. పని ఇంజను గదిలో. బొగ్గు పారతో ఎత్తి పొయ్యిలో వెయ్యడం. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం, మళ్ళీ నాలుగు గంటలు. యుద్ధం వచ్చినా ఆ పని మారలేదు. మారిందల్లా, ఓడకు ఏ గంటకైనా కింద నుంచి చావు రావచ్చని తెలియడం.

ఆయన ఒంటరి మనిషేం కాదు. ఆ రోజుల్లో బ్రిటిష్ వర్తక నౌకల్లో పనిచేసేవాళ్ళలో దాదాపు నలుగురికి ఒకరు మనదేశం వాళ్ళే. సిల్హెట్, చిట్టగాంగ్, గోవా, గుజరాత్, కొంకణం వైపు వాళ్ళు ఎక్కువ. మన తీరం నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. తెల్ల కలాసీకిచ్చే జీతంలో వీళ్ళకు దక్కేది నాలుగో వంతుకు అటూ ఇటూ. తుపాకీ లేదు, యూనిఫాం లేదు. 1939లో యుద్ధం మొదలవగానే మాకు జీతం పెంచమని వీళ్ళు చాలా రేవుల్లో సమ్మె చేస్తే, జైళ్ళలో పెట్టారు. తర్వాత జీతాలు పెంచక తప్పలేదు. ఎందుకంటే వీళ్ళు లేకపోతే ఓడలు కదలవు. ఓడలు కదలకపోతే ఇంగ్లండుకు తిండే లేదు.

బళ్ళన్నీ కలిసి కట్టినట్టు

సముద్రంలో శత్రువు జలాంతర్గామి తిరుగుతుంటే సరకు ఓడను ఎలా కాపాడాలి? చిన్నప్పుడు మేమడిగిన ఈ ప్రశ్నకు ఓడతాత మాకు తెలిసిన సంగతితోనే జవాబు చెప్పాడు.

"ఎనకటికి చింతపల్లి సంతకి బళ్ళెలా ఎళ్ళేవిరా? ఒక్క బండి ఎళ్ళేదేటి? పది బళ్ళు కలిసే ఎళ్ళేవి. ముందో దివిటీ, ఎనకో దివిటీ. పులి ఉంటే ఉంటాది. పది బళ్ళ మీదకి రాదు. ఇదీ అంతే. కాపోతే మాకు దివిటీ ఉండకూడదు."

దాన్నే కాన్వాయ్ అంటారు. ముప్ఫయ్యో నలభయ్యో సరకు ఓడలు వరసలు కట్టి ఒకే గుంపుగా వెళతాయి. చుట్టూ కొన్ని చిన్న యుద్ధనౌకలు కాపలా కాస్తాయి. ఇప్పుడు వింటే ఇందులో పెద్ద విశేషమేముంది అనిపిస్తుంది. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం పెద్దలు ఈ పద్ధతిని చాలాకాలం ఒప్పుకోలేదు. అన్ని ఓడలూ ఒకచోట ఉంటే శత్రువుకు విందుభోజనం పెట్టినట్టే కదా అన్నారు. సరకు ఓడల కెప్టెన్లకు వరస తప్పకుండా నడపడం చేతకాదన్నారు. ఓడలన్నీ ఒక్కసారే రేవుకొస్తే దించేదెవరన్నారు. ఈలోగా 1917 ఏప్రిల్ ఒక్క నెలలోనే 8 లక్షల టన్నులకు పైగా ఓడలు మునిగిపోయాయి. ఇలాగే సాగితే కొద్ది నెలల్లో దేశం పస్తులుండాల్సిందే అని తేలాక, ఆ మే నెల నుంచి కాన్వాయ్‌లు మొదలుపెట్టారు. గుంపులో వెళ్ళిన ఓడల్లో నష్టం ఒక్కసారిగా తగ్గిపోయింది.

కారణం లెక్కల్లో ఉంది. సముద్రం చాలా పెద్దది. నలభై ఓడలు విడివిడిగా బయల్దేరితే వేటగాడికి నలభై సార్లు ఏదో ఒకటి ఎదురుపడే వీలుంది. నలభై కలిసి వెళితే ఒక్కసారే. ఆ ఒక్కసారీ ఎదురుపడినా, కాపలా నౌకలు ఎక్కడ ఉన్నాయో అక్కడికే వాడు రావాలి. జలాంతర్గామిని వెతుక్కుంటూ సముద్రమంతా గాలించక్కర్లేదు. అదే మన దగ్గరకు వస్తుంది.

వచ్చాక దాన్ని పట్టుకోవడం ఇంకో విద్య. నూతిలోకి వంగి కేకేస్తే శబ్దం తిరిగొస్తుంది కదా. కాపలా నౌక అడుగు నుంచి నీళ్ళలోకి అలాగే శబ్దం పంపుతారు. కింద ఇనుప ఒళ్ళు తగిలితే అది తిరిగొస్తుంది. ఎంతసేపట్లో తిరిగొచ్చిందో చూసి దూరం లెక్క కడతారు. అప్పుడు ఆ చోటికి ఉరికి డెప్త్ చార్జీలు వేస్తారు. నీళ్ళపీపాల్లాంటి బాంబులవి. ఇంత లోతుకు వెళ్ళాక పేలాలని ముందే తిప్పి పెట్టి నీళ్ళలోకి దొర్లిస్తారు.

ఓడల మీద బతుకు మాత్రం కఠినం. రాత్రి పైకొచ్చి బీడీ వెలిగించకూడదు. కిటికీ సందులోంచి వెలుతురు పోకూడదు. చెత్త పగటిపూట నీళ్ళలో పారెయ్యకూడదు. తేలే అరటితొక్కను పట్టుకుని జాడ తీసేవాడుంటాడు. పొగ ఎక్కువ రాకుండా బొగ్గు వెయ్యాలి. అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే ముసలి ఓడ ఎంత వేగంతో పోతే అంతే వేగంతో అందరూ పోవాలి. ఎప్పుడు బయల్దేరేదీ, ఎక్కడికి పోయేదీ ఉత్తరంలో రాయకూడదు. అందుకే మామ్మకు తమ్ముడి దగ్గర్నుంచి వచ్చేవి మనియార్డర్లే. అవీ ఎన్నో నెలలకు ఒకటి. డబ్బు వచ్చిందంటే, పంపిన రోజుకు బతికే ఉన్నాడని అర్థం.

దీపంలో చమురు లేని ఏడాది

కాపలా లేకపోతే ఏమవుతుందో మన తీరం 1942 ఏప్రిల్లో కళ్ళారా చూసింది. మార్చిలో రంగం జపాన్ చేతికి చిక్కింది. మా పక్క రంగూన్‌ని రంగం అనే అంటారు. కూలికీ, వ్యాపారానికీ రంగం వెళ్ళనివాళ్ళు లేని ఊరు అప్పట్లో ఉత్తరాంధ్ర తీరంలో అరుదు. రంగం పడిపోవడంతో కలకత్తా రేవులో ఓడలు కిక్కిరిసిపోయాయి. వాటిని అక్కడే ఉంచితే విమానాలు ముంచేస్తాయన్న భయంతో బంగాళాఖాతం గుండా చిన్న చిన్న గుంపులుగా పంపేశారు. తోడు యుద్ధనౌకలు లేవు. ఉన్నవి సరిపోయేవి కావు. జపాన్ యుద్ధనౌకల దండు ఒకటి మన తూర్పు తీరం పొడవునా విరుచుకుపడి కొద్ది రోజుల్లో 23 వర్తక నౌకల్ని ముంచేసింది. అదే సమయంలో పడమటి తీరంలో జపాన్ జలాంతర్గాములు మరికొన్నిటిని ముంచాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి.

విశాఖ సగం ఖాళీ అయిందని మామ్మ చెప్పేది. చుట్టాల్లో నాలుగు కుటుంబాలు ఎడ్లబళ్ళ మీద, మిగతా దూరం నడిచీ, నర్సీపట్నంలో మా పెంకుటింటికి చేరాయట. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది. బాంబుల భయం కొన్నాళ్ళకు తగ్గింది. తగ్గనిది కొరత. బర్మా బియ్యం ఆగిపోయింది. బర్మాలోని చమురు బావుల్ని జపాన్‌కు దక్కకూడదని, వెనక్కి తగ్గుతూ బ్రిటిష్ వాళ్ళే ధ్వంసం చేశారు. ఇక కిరసనాయిలు ఎక్కడో దూరదేశం నుంచి సముద్రం దాటి రావాలి. ఆ సముద్రంలో జలాంతర్గాములు.

"ఆ ఏడు దీపం కోసం ఆముదం కూడా అరువడిగాను" అనేది మామ్మ. ఓడ అంటే ఎలా ఉంటుందో సరిగా చూడని మనిషి ఆవిడ. కానీ ఎక్కడో ఓడ మునిగితే నర్సీపట్నంలో దీపం సన్నగిల్లుతుందని మాత్రం ఆ ఏడాదితో బాగా తెలిసింది. మర్నాటి ఏడాది బెంగాల్లో కరువొచ్చి లక్షల మంది ప్రాణాలు పోయాయి. దానికి కారణాలు చాలా ఉన్నాయి. అందులో బర్మా బియ్యం రాకపోవడమూ ఒకటి.

1942 నవంబరు 23న బొంబాయి నుంచి మొంబాసా వెళుతున్న 'తిలావా' అనే ఓడను అరేబియా సముద్రంలో జపాన్ జలాంతర్గామి ముంచేసింది. ఓడ ఒంటరిగా వెళుతోంది. ఎక్కువమంది ఆఫ్రికాలో పని చేసుకుని బతికే మనవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు. 958 మందిలో 280 మంది చనిపోయారు. ఇది జరిగిందని కూడా మన పుస్తకాల్లో చాలా అరుదుగా కనిపిస్తుంది.

ఎర్రని చిన్న దీపాలు

ఓడతాతకు ఒక అలవాటుండేది. రాత్రి భోజనాల ముందు ఇంట్లో పిల్లల్ని లెక్కపెట్టేవాడు. అందరూ వచ్చాకే కంచం ముందు కూర్చునేవాడు. మేము దాన్ని ఆటనుకుని కావాలని మంచాల కింద దాక్కునేవాళ్ళం. ఆయన కోప్పడేవాడు కాదు. దొరికేదాకా వెతికేవాడు. కాన్వాయ్‌లో తెల్లారగానే అందరూ చేసే మొదటి పని అదేనట. పైకొచ్చి చుట్టూ ఓడల్ని లెక్కపెట్టుకోవడం. నిన్న సాయంత్రం ఎన్ని? ఇవాళ ఎన్ని?

ఇంకో అలవాటు కూడా ఉంది. కార్తీకమాసం చివర, పోలి స్వర్గం నాడు తెల్లవారుజామున ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు వెలిగించి చెరువులో వదులుతారు. నల్లటి నీళ్ళ మీద వరసగా తేలే ఆ దీపాలు చూడడానికి పిల్లలం పోటీపడి లేచేవాళ్ళం. ఓడతాత మాత్రం ఆ రోజు గుమ్మం దాటేవాడు కాదు. ఆయనకు దేవుడంటే నమ్మకం లేదని మేమనుకునేవాళ్ళం.

అసలు సంగతి 1971 డిసెంబరులో తెలిసింది. నాకప్పుడు పదేళ్ళు. పాకిస్తాన్‌తో యుద్ధం. విశాఖపట్నంలో దీపాలార్పేశారని, మోటారు లైట్లకు సగం దాకా నల్లరంగు పూస్తున్నారని రోజూ వార్తలు. పంచలో అందరం రేడియో చుట్టూ కూర్చుని ఉన్నాం. జలాంతర్గామి మాట రాగానే మా అన్నయ్య అడిగాడు, "నీ ఓడకెప్పుడైనా తగిలిందా తాతా?" అని.

"మా ఓడకి తగల్లేదు. పక్కోడకి తగిలింది" అన్నాడు.

అట్లాంటిక్‌లో, చలికాలంలో. ఆయన కింద పొయ్యి దగ్గరున్నాడు. ఎవరో బయట నుంచి పెద్ద సుత్తితో ఓడను మోదినట్టు దెబ్బలు. డెప్త్ చార్జీలు పేలితే నీళ్ళ కింద అలా వినిపిస్తుంది. ఇంజను గదిలో ఉన్నవాడికి ఏది తమ కాపలా నౌక వేసిన బాంబో, ఏది తమకు తగిలిన టార్పెడోయో తేడా తెలియదు. తగిలితే మొదట పోయేది వాళ్ళే. ఇనప నిచ్చెన ఎక్కి పైకొచ్చే వ్యవధి ఉండదు. అయినా పార ఆపకూడదు. ఆపితే ఆవిరి తగ్గుతుంది. ఆవిరి తగ్గితే ఓడ వెనకబడుతుంది. వెనకబడ్డ ఓడ ఒంటరిది.

పని గంటలు అయ్యాక పైకొచ్చి చూస్తే, పక్క వరసలో ఉండాల్సిన ఓడ లేదు. నల్లటి నీళ్ళ మీద చిన్న చిన్న ఎర్ర దీపాలు. ప్రాణాలు కాపాడే చొక్కాలకు కట్టిన దీపాలు అవి. ఒక్కో దీపానికీ ఒక్కో మనిషి. ఈలలు ఊదుతున్నారు. వాళ్ళలో కొందరితో ఆయన రేవులో కలిసి అన్నం తిన్నవాడు.

"మీ ఓడ ఆగలేదా?" అన్నాను నేను.

"ఆగలేదు."

"ఎందుకాగలేదు?"

"ఆగితే ఏటవుద్ది? ఆగినోడని కూడా ముంచేస్తాడు. ఆగకూడదనే ఆర్డరు. ఎనక ఎత్తుకోడానికి ఓ ఓడుంటాది. అది ఎత్తుకుంటాదని..." అని ఆగి, "కొందర్ని ఎత్తుకున్నాది" అన్నాడు.

రేడియోలో ఎవరో పాట వేశారు. మామ్మ లేచి దాన్ని కట్టేసింది. ఆ తర్వాత పోలి స్వర్గం నాడు చెరువు గట్టుకు రమ్మని ఆయన్ని ఎవరూ పిలవలేదు.

మన తీరంలోనే

ఓడతాత 1979లో పోయారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, యుద్ధకాలపు నౌకల గురించి దొరికిందల్లా చదువుతుంటే నాకొక సంగతి తెలిసింది. ఆయనకు చెప్పి ఉంటే బాగుండుననిపించిన సంగతి.

1944 ఫిబ్రవరి 11. కొలంబో నుంచి కలకత్తాకు జె.సి. 36 అనే కాన్వాయ్ మన తీరం వెంట వెళుతోంది. విశాఖపట్నానికి దక్షిణంగా, అంటే ఇప్పటి మా అనకాపల్లి జిల్లా తీరానికి ఎదురుగా ఉన్న సముద్రంలో, ఆర్.ఓ. 110 అనే జపాన్ జలాంతర్గామి ఆ గుంపులోని 'ఆస్ఫాలియన్' అనే సరకు ఓడ మీద టార్పెడో వేసింది. కాపలాకు మూడు నౌకలున్నాయి. ఒకటి అప్పటి రాయల్ ఇండియన్ నేవీ వారి 'జమున'. మిగతా రెండు ఆస్ట్రేలియా వాళ్ళ 'లాన్సెస్టన్', 'ఇప్స్‌విచ్'. మూడూ కలిసి నీళ్ళ కింద దాన్ని పట్టుకుని డెప్త్ చార్జీలు వేసి ముంచేశాయి. జలాంతర్గామిలో ఉన్నవారు ఒక్కరూ బతకలేదు. ఆస్ఫాలియన్ దెబ్బతిన్నా మునగలేదు. యుద్ధం అయిపోయాక కూడా చాలా ఏళ్ళు సరకు మోసింది.

మా ఊరికి వంద కిలోమీటర్లు కూడా లేని చోట ఇంత జరిగింది. అప్పుడు మామ్మకు తెలియదు, ఓడతాతకు తెలియదు, ఊళ్ళో ఎవరికీ తెలియదు. యుద్ధకాలంలో అలాంటివి బయటకు చెప్పేవారు కాదు. ఆ వారం బజారులో కిరసనాయిలు కోసం వరసలో నిలబడ్డవాళ్ళకు, అది తెచ్చే దారిని ఎవరు కాపలా కాస్తున్నారో తెలిసే అవకాశమే లేదు.

ఆ మర్నాడే, ఫిబ్రవరి 12న, ఇంకో సంగతి. మొంబాసా నుంచి కొలంబో వస్తున్న కాన్వాయ్‌లో 'ఖెదివ్ ఇస్మాయిల్' అనే ఓడ మాల్దీవుల దగ్గర టార్పెడో దెబ్బకు రెండు నిమిషాల్లోపే మునిగిపోయింది. సైనికులు, నర్సులు, కలాసీలు కలిపి దాదాపు 1,300 మంది చనిపోయారు. బతికినవాళ్ళు నీళ్ళలో తేలుతున్నారు. ముంచిన జలాంతర్గామి వాళ్ళ కింద దాక్కుంది. దాన్ని వదిలేస్తే మిగతా ఓడల్ని ముంచుతుంది. బాంబు వేస్తే నీళ్ళలో ఉన్న తమవాళ్ళే చస్తారు. 'పెటార్డ్', 'పాలడిన్' అనే రెండు కాపలా నౌకలు డెప్త్ చార్జీలు వేశాయి. ఆ జలాంతర్గామి కూడా మునిగింది.

ఆ ఆజ్ఞ ఇచ్చిన అధికారి తర్వాత ఎలా నిద్రపోయాడోనని నేను చాలాసార్లు అనుకున్నాను. సినిమాల్లో కాపాడడమంటే చెయ్యి అందించడం. సముద్రంలో కాపాడడమంటే ఒక్కోసారి చెయ్యి అందించకుండా ముందుకు పోవడం. దాన్ని సమర్థించడానికో, తప్పుపట్టడానికో నా దగ్గర మాటల్లేవు. మా ఓడతాత మాత్రం దాన్ని ముప్ఫై ఏళ్ళు మోశాడు.

గోడ మీద లేని పేర్లు

1971 యుద్ధంలో విశాఖ రేవు ముందు మునిగిన 'ఘాజీ' కథ మనందరికీ తెలుసు. సినిమా కూడా వచ్చింది. కరాచీ నుంచి నవంబరు 14న బయల్దేరి, విక్రాంత్‌ను ముంచాలని, రేవు ముఖాన మైన్లు పరచాలని వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ దీవుల చాటున ఉంది. అది ఇక్కడే ఉందని నమ్మించడానికి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పన్నిన ఉపాయం ఫలించింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు. వన్‌టౌన్‌లో ఉండే మా పిన్ని వాళ్ళ ఇంట్లో కిటికీ అద్దాలు గడగడలాడాయట. మన 'రాజ్‌పుత్' వేసిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని మన నౌకాదళం, లోపలి ప్రమాదం వల్ల అని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. అందులో ఉన్న 90 మందికి పైగా మనుషులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. 2024లో మన నౌకాదళం ఆ శిథిలం ఉన్న చోటును గుర్తించి, చనిపోయినవారి మీద గౌరవంతో దాన్ని కదపకుండా వదిలేసింది.

ఆ కథలో మనం సాధారణంగా చెప్పుకోని ముక్క ఒకటుంది. రేవు ముఖాన మైన్లు పరిస్తే ఆగేది యుద్ధనౌకలే కాదు. శుద్ధి కర్మాగారానికి ముడి చమురు తెచ్చే ఓడ ఆగుతుంది. ఎరువుల ఓడ ఆగుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం రేవులోనే గుట్టపడుతుంది. జలాంతర్గామి ఒక్క టార్పెడో కూడా వెయ్యక్కర్లేదు. ఉందన్న అనుమానం చాలు, రేవు మూతపడడానికి.

విశాఖ బీచ్‌లో 'కురుసుర' జలాంతర్గామి మ్యూజియం ఉంది. 1969 నుంచి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసి, 2002లో గట్టెక్కింది. మా మనవల్ని తీసుకుని వెళ్ళాను. 91 మీటర్ల పొడవు, లోపల ఒక మనిషి ఇంకో మనిషిని ఒరుసుకుని నడవాలి. టార్పెడోలు పెట్టే గొట్టాలు చూసి పిల్లలు మురిసిపోయారు. అందులో పనిచేసినవాళ్ళ ధైర్యానికి ఎవరైనా చెయ్యెత్తి దణ్ణం పెట్టాల్సిందే. దగ్గర్లోనే 1971 విజయానికి గుర్తుగా స్మారకమూ ఉంది. నేను ఊరికే నాలుగు వైపులా చూశాను. బొగ్గు పార పట్టుకున్న మనిషి బొమ్మ ఎక్కడా లేదు.

యుద్ధంలో చనిపోయిన మన వర్తక నావికుల లెక్క 6,000 పైమాటే. వాళ్ళలో ఎక్కువమందికి సమాధుల్లేవు. సముద్రమే సమాధి. వాళ్ళ పేర్లన్నీ రాసిన పుస్తకం ఒక ప్రతి ముంబైలో, ఒక ప్రతి చిట్టగాంగ్‌లోని యుద్ధ శ్మశానంలో ఉన్నాయి. రాతిగోడ కాదు, పుస్తకం. ఎవరో ఒకరు వెళ్ళి పేజీ తిప్పితే తప్ప ఆ పేరు వెలుగు చూడదు.

ఎందుకిలా అని ఆలోచిస్తే నాకొకటి తోచింది. మునిగిన ఓడ వార్త. ముంచినవాడు వార్త. ముంచినవాణ్ని ముంచినవాడు పెద్ద వార్త. క్షేమంగా రేవు చేరిన ఓడ వార్త కాదు. కాపలా అంటేనే ఏమీ జరగకపోవడం. ఏమీ జరగలేదని ఎవరు పండగ చేసుకుంటారు? యుద్ధమంతా కాన్వాయ్‌లలో నడిచిన వేలాది ఓడల్లో చాలా ఎక్కువ భాగం గమ్యం చేరాయి. ఆ చేరిన ఓడల పేర్లు ఎవరికీ గుర్తుండవు. వాటిలో బొగ్గు ఎత్తినవాడి పేరు అసలే గుర్తుండదు. కానీ యుద్ధం నెగ్గింది ఆ చేరిన ఓడల వల్లే.

ఇదంతా గడిచిపోయిన కాలం కబురేం కాదు. 2024 జనవరిలో ఏడెన్ సింధుశాఖలో 'మార్లిన్ లువాండా' అనే చమురు ఓడకు క్షిపణి తగిలి మంటలంటుకున్నాయి. అందులో 22 మంది మనవాళ్ళు. సాయానికి వెళ్ళి మంటలార్పిన యుద్ధనౌక పేరు ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నం. టార్పెడో బదులు క్షిపణి, డ్రోను వచ్చాయి. ఓడలో ఉండే మనిషి మాత్రం అప్పటిలాగే చేతిలో ఆయుధం లేనివాడు. ఇంట్లో చెప్పి వచ్చినవాడో, చెప్పకుండా వచ్చినవాడో.

నర్సీపట్నం కిరాణా కొట్లో నూనె ప్యాకెట్ కొంటే, అందులో పామాయిల్ మలేషియా నుంచో ఇండోనేషియా నుంచో సముద్రం దాటి కాకినాడ రేవులో దిగినదై ఉండొచ్చు. గ్యాస్ సిలిండరూ, పొలంలో చల్లే ఎరువూ అంతే. ఎక్కడో ఓడలు ఆగాయని టీవీలో చెబితే మనకు ముందు ధర గుర్తొస్తుంది. గుర్తు రావడంలో తప్పేమీ లేదు, మామ్మకూ ముందు దీపమే గుర్తొచ్చింది. కానీ ఆవిడ ఆ వెంటనే ఇంకో ప్రశ్న అడిగేదట, వార్త తెచ్చిన ప్రతివాణ్నీ.

"ఓడ సంగతి సరే బాబూ. అందులో ఉన్నోళ్ళు?"